గ్లాసు కదిలింది, ఎవరూ అబద్ధం చెప్పలేదు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గునుపూరు. మా పాప బరంపురంలో హాస్టల్లో ఉండి ప్లస్ టూ చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. లైటు తీయనివ్వదు. ఒంటరిగా స్నానానికి కూడా వెళ్ళదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. హాస్టల్లో నలుగురు ఆడపిల్లలు చార్టు మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి, చిన్న స్టీలు గ్లాసు బోర్లించి, దాని మీద తలో వేలూ పెట్టి, కొవ్వొత్తి వెలుగులో ఆత్మను పిలిచారట. ఆ నలుగురిలో ఒకమ్మాయి తండ్రి ఎండాకాలంలో గుండెపోటుతో పోయారు. పరీక్షల రోజులు కావడంతో ఆ పిల్లకు చివరి చూపు దక్కలేదు. ఆయన్నే పిలిచారు. 'నాన్నా, బాగున్నావా' అని అడిగితే గ్లాసు 'నో' మీదికి పోయింది. తర్వాత ఎవరో 'మాలో ముందు ఎవరు చనిపోతారు' అని అడిగితే 'పి' అక్షరం మీద ఆగింది. మా పాప పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది. ఇంతలో వార్డెన్ రావడంతో 'ఇక వెళ్ళిపో' అని చెప్పకుండానే లేచిపోయారు. అందుకే ఆత్మ తన వెంట వచ్చేసిందని పాప భయం. తెల్లవారుజామున ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంటోందని, కదల్లేకపోతున్నానని ఏడుస్తోంది. మా అత్తగారు గాలి సోకింది, దాన్ని వదిలించే గుణియా దగ్గరికి తీసుకెళదాం అంటున్నారు. మా ఆయన పిల్లల ఆటకి ఇంత రాద్ధాంతమా అంటున్నారు. ఇది ఆటా, ప్రమాదమా? నేను ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం. పాప పక్కన మీరు పడుకోండి. లైటు ఉంచమంటే ఉంచండి. 'ఇంత పెద్దదానివి, ఏమిటా పిరికితనం' అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. తక్కినదంతా పగటిపూట, అన్నం తిన్నాక మాట్లాడుకోవచ్చు.

మాట్లాడేటప్పుడు మొదట చెప్పవలసింది ఒకటే. ఆ రాత్రి ఆ గదిలో మీరు నలుగురే ఉన్నారు, ఐదో మనిషి రాలేదు. రాని మనిషికి వెళ్ళిపొమ్మని చెప్పకపోతే వచ్చే నష్టం లేదు. ఈ 'వెళ్ళిపో' అనే నియమం ఎక్కడ పుట్టిందో పాపకు తెలిస్తే సగం భయం తగ్గుతుంది. అమెరికాలో బాల్టిమోరు నగరంలోని ఒక కంపెనీ 1891లో ఈ బోర్డుకు పేటెంటు తీసుకుని, ఒకటిన్నర డాలరుకి బొమ్మల దుకాణాల్లో అమ్మింది. అక్షరాలు, అంకెలు, అవును, కాదు, అన్నిటికన్నా కింద 'గుడ్ బై' అని అచ్చువేసింది. దాన్నే ఓయిజా బోర్డు అంటారు. ముగింపు మాట పలకాలనే ఆచారం ఇలాంటి అట్టల మీది అచ్చులోంచి వచ్చిందనుకోవచ్చు. దశాబ్దాల పాటు అది ఇళ్ళలో చుట్టాలొచ్చినప్పుడు ఆడుకునే ఆటే. 1973లో 'ఎగ్జార్సిస్ట్' సినిమా వచ్చింది. ఈ బోర్డుతో ఆడుకున్న పిల్లకు దయ్యం పట్టినట్టు అందులో చూపించారు. లోకానికి ఈ ఆటంటే హడలు పట్టుకున్నది ముఖ్యంగా ఆ తర్వాతే. మన హాస్టళ్ళకు ఆట, భయం రెండూ కలిసే వచ్చాయి.

ఇక గ్లాసు సంగతి. మీ ఆయన పాపతో 'ఎవరో ఒకత్తి తోసుంటుంది' అని ఉంటారు. ఆ మాట అనొద్దని చెప్పండి. ఎందుకంటే పాపకు తన సంగతి తెలుసు, తను తొయ్యలేదు. స్నేహితురాళ్ళు ఒట్టేసి చెప్పారు, వాళ్ళూ తొయ్యలేదు. నలుగురూ నిజమే చెబుతున్నారు. పెద్దవాళ్ళు అబద్ధం అనేసరికి, 'అయితే నిజంగా ఆత్మే' అనుకోవడం తప్ప ఆ పిల్లకు ఇంకో దారి మిగలదు.

మూడో దారి ఉంది. నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పాను. ఈ పాఠం ఏ పుస్తకంలోనూ లేకపోయినా ప్రతి బ్యాచికీ చెప్పేదాన్ని, ఎందుకంటే ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు ఈ ఆట ఆడి వచ్చేవారు.

మన చేతులు మనకు తెలియకుండా కదులుతాయి. ఒక కదలిక వస్తుందని మనసు ఎదురుచూస్తే చాలు, కండరం రవ్వంత బిగుసుకుంటుంది. మనం చేసినట్టు మనకే అనిపించదు. దీనికి విలియం కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1852లో ఐడియోమోటర్ చర్య అని పేరు పెట్టాడు. ఆ మరుసటి ఏడే లండనుకు బల్లలు తిప్పే వెర్రి పట్టుకుంది. జనం బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే అది జరిగేది, గిర్రున తిరిగేది. విద్యుత్తు రహస్యాలు విప్పిన మైకేల్ ఫారడే దీని అంతు చూద్దామని కూర్చున్నాడు. అట్టముక్కల మధ్య మెత్తటి జిగురు ముద్దలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చేతుల కింద ఉంచాడు. బల్లే కదిలితే కింది అట్ట ముందు జరగాలి, చెయ్యి తోస్తే పైది. పైదే ముందు జరిగింది. అక్కడితో ఆగలేదు. చేతులు ఎటు ఒత్తుతున్నాయో చూపించే ముల్లు ఒకటి అమర్చి, దాన్ని వాళ్ళకే కనబడేలా పెట్టాడు. ముల్లును చూస్తూ కూర్చున్నంతసేపూ బల్ల కదలనే లేదు. ఆ జనం మోసగాళ్ళు కారు, మర్యాదస్థులు. తమ చెయ్యి తోస్తోందని వాళ్ళకు తెలియలేదు, అంతే.

మన ఊళ్ళలో దీనికి లండను దాకా పోనక్కర్లేదు. బోరు వేసేముందు పాయింటు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. పంగలకర్ర పట్టుకున్నాయన చేతిలో కర్ర కిందికి వంగుతుంది. ఆయన నాటకమాడడు, తన చేతిలో బలం పుట్టినట్టు ఆయనకు నిజంగానే అనిపిస్తుంది. గ్లాసుదీ ఆ కుదురే. కాకపోతే ఇక్కడ నాలుగు వేళ్ళు. ఒక వేలు ఇంత నెట్టితే, గ్లాసు కదిలిందనుకుని తక్కిన మూడూ దాని వెంట పోతాయి. ప్రతి ఒక్కరికీ 'నేను ఊరికే ఆనించాను, అదే నన్ను లాక్కుపోయింది' అనిపిస్తుంది. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో ఆడేవాళ్ళ కంటిచూపును యంత్రంతో కొలిచారు. గ్లాసులాంటి ఆ ముక్క అక్షరం చేరేలోపే, ఇద్దరిలో ఒకరో ఇంకొకరో ఆ అక్షరం వైపు ముందే చూస్తున్నారు. ఒకసారి ఈమె, ఒకసారి ఆమె. మాట మొత్తాన్ని ఏ ఒక్కరూ రాయరు, అందుకే రాసింది తామని ఎవరికీ తోచదు.

మీరు ఇంట్లోనే చూపించవచ్చు. ఉంగరానికి మూర పొడవు దారం కట్టండి. కాగితం మీద గుండ్రంగా గీసి, మధ్యలో నిలువు గీత, అడ్డగీత గీయండి. పాప మోచెయ్యి ఎక్కడా ఆనించకుండా దారం పట్టుకుని, ఉంగరాన్ని మధ్యలో వేలాడదీయాలి. 'అడ్డంగా ఊగు' అని మనసులో అనుకోమనండి, చెయ్యి కదపొద్దని కూడా చెప్పండి. కాసేపటికి ఊగుతుంది. నిలువుగా అనుకుంటే నిలువుగా. ఇప్పుడు కళ్ళు మూసుకోమనండి. ఊపు తగ్గిపోతుంది. ఫ్రాన్సులో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1833లోనే ఇది గమనించి రాశాడు. గ్లాసుతో మాత్రం ఇప్పుడే చేయించకండి, భయం ఇంకా పచ్చిగా ఉంది. ఉంగరం చాలు. నా క్లాసులో గ్లాసాట ఆడి వచ్చిన పిల్లలకు ఒకసారి కళ్ళగంతలు కట్టి, చప్పుడు కాకుండా చార్టు తిప్పేశాను. గ్లాసు ఇంతకుముందు 'యస్' ఉన్న మూలకే పోయి ఆగింది. అక్కడిప్పుడు ఖాళీ కాగితం. ఆత్మకు చూపుంటే చార్టు తిప్పినా కనబడాలి కదా అని అడిగింది, ఆ గుంపులో అన్నిటికన్నా ఎక్కువ భయపడిన పిల్లే.

'మరి ఒక్కోసారి ఎవరికీ తెలియని నిజం ఎలా చెబుతుంది' అని పాప అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఇద్దరు కలిసి ఆడుతున్నారని చెప్పి, కళ్ళకు గంతలు కట్టాక, రెండోమనిషి నెమ్మదిగా చేతులు తీసేస్తాడు. మొదటి మనిషి ఒక్కడే ఆడుతూ, 'రెండోవాడు కదుపుతున్నాడు' అనుకుంటాడు. అవును, కాదు ప్రశ్నలకు నోటితో ఊరికే ఊహించి చెప్పినప్పటి కంటే, ఇలా ఆడినప్పుడే సరైన జవాబులు ఎక్కువ వచ్చాయి. ఎప్పుడో విని మరిచిపోయిన సంగతులు మన లోపల చాలా ఉంటాయి, నోటికి అందనివి వేలికి అందాయన్నమాట. అయినా అవన్నీ మన లోపలివే. రేపు జరగబోయేది మన లోపల ఎక్కడా ఉండదు.

అందుకని ఆ 'పి' అక్షరం రేపటి సంగతి చెప్పలేదు. 'ముందు ఎవరు చనిపోతారు' అనే ప్రశ్న గాలిలోకి రాగానే నలుగురి గుండెలూ ఝల్లుమని ఉంటాయి, నలుగురికీ తమ అక్షరమే కళ్ళముందు ఆడి ఉంటుంది. ఎవరి భయం ఒక పిసరు ఎక్కువైతే వారి చూపు తమ అక్షరం మీదికి పోతుంది, చూపు వెంట వేలు పోతుంది. మీ పాప తన అక్షరాన్ని తానే రాసుకుందంటే ఆశ్చర్యం లేదు. ఇది మాత్రం నేరారోపణలా చెప్పకండి. 'నీకు అంత భయమేసిందా అమ్మా' అని అడగండి, అదే తెలుస్తుంది.

గుండెల మీద కూర్చున్నట్టుండటం గురించి మీరు రాసిన వాక్యం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, పాపను నమ్మించేది అదే కాబట్టి. మనం కలలు కనే నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడు కండరాలను వదులు చేసి ఉంచుతుంది. లేకపోతే కలలో పరుగెత్తేవాళ్ళం మంచం మీంచి దూకేస్తాం. ఒక్కోసారి మెలకువ ముందు వచ్చి, ఆ కట్టు వెనక విడుతుంది. కళ్ళు తెరిచి ఉంటాయి, చెయ్యి లేవదు, ఛాతీ మీద బరువు, గదిలో ఎవరో ఉన్నట్టు, ఒక్కోసారి నీడ కనబడినట్టు కూడా ఉంటుంది. కొన్ని క్షణాలో, రెండు మూడు నిమిషాలో ఉండి పోతుంది. నిద్ర తక్కువైనవారికి, వెల్లకిలా పడుకున్నవారికి ఎక్కువ వస్తుంది. పాప సంగతి చూడండి: భయంతో నిద్ర మానేసింది, నిద్ర మానడంతో ఇది వచ్చింది, ఇది రావడంతో భయం రుజువైందనుకుంది. పక్కకు తిరిగి పడుకోమనండి. ఫోను, టీ రాత్రి వద్దు. అది వచ్చినప్పుడు ఒళ్ళంతా లేపాలని పెనుగులాడకుండా ఒక్క కాలి బొటనవేలు కదపడానికి చూడమనండి. నాలుగు రాత్రులు నిండా నిద్రపోతే దానంతటదే సర్దుకోవచ్చు.

మీ అత్తగారి మాట. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, ఆవిడ కాలంలో ఇలాంటి బాధకు పేరు పెట్టి, పక్కన కూర్చుని, ఏదో ఒకటి చేసిన మనిషి గుణియానే. ఆవిడ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, అమ్మవారి కుంకుమ పెడతానంటే పెట్టనివ్వండి, నానమ్మ చెయ్యి తల మీద ఉండటం పాపకూ మంచిదే. గుణియా దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. దీని మీద నేను మెత్తబడలేను. మన జిల్లాల్లో గాలి వదిలించడమంటే మిరపకాయల పొగ పెట్టడం, వేపమండలతో కొట్టడం, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం ఎంతమంది ఒంటి మీద చూశానో. అంతకంటే ఘోరమైనది ఆ తర్వాతి ప్రశ్న: 'ఇది ఎవరు చేశారు?' గుణియా నోటి నుంచి ఒక పేరు వస్తుంది. ఆ పేరు సాధారణంగా మొగుడు లేని ఆడమనిషిదో, దిక్కులేని ముసలాయనదో అయి ఉంటుంది. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారని మనుషుల్ని కొట్టి చంపడం జరుగుతోంది కాబట్టే ఒడిశా ప్రభుత్వం 2013లో దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా చట్టం చేసింది. అదే ఏడాది మహారాష్ట్రలోనూ చేతబడులకు, అమానుషపు ఆచారాలకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడిన నరేంద్ర దాభోళ్కర్‌ను ఆ ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. గ్లాసు ఒక అక్షరం చూపించింది, గుణియా ఒక మనిషిని చూపిస్తాడు. మీ పాప భయానికి ఇంకో ఇంటి తలుపు బద్దలు కాకూడదు.

ఆటా, ప్రమాదమా అని అడిగారు. అట్టముక్క, స్టీలు గ్లాసు ఎవరినీ ఏమీ చేయలేవు. నలుగురు స్నేహితులు పగటిపూట సరదాగా ఆడితే నేను అడ్డుపడను. కానీ దుఃఖంలో ఉన్న మనిషి దానిముందు కూర్చుంటే అది ఆట కాదు. అక్కడ వచ్చే జవాబుకు వంద నాలుకల బలం ఉంటుంది, ఎదురు చెప్పే మనిషి ఉండడు. మనసు ఇప్పటికే చెదిరిన వాళ్ళను అది ఇంకా లోపలికి లాగుతుంది. మీ పాప విషయంలో ఈ గుర్తులు చూస్తూ ఉండండి: పగలు కూడా ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోందంటే, తిండి మానేస్తే, చదువు మీద మనసు పెట్టలేకపోతే, 'ఎలాగూ పోతాను కదా' లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చేయకండి. అవేవీ లేకపోయినా, రెండు వారాలైనా నిద్ర కుదుటపడకపోతే చూపించాల్సిందే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం పోకముందే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక బాధలకు సాయం చెప్పడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఏ వేళలోనైనా ఎత్తుతారు, డబ్బులు తీసుకోరు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. మీ ఉత్తరం నిండా మీ పాపే ఉంది, తల్లిగా అది సహజం. నాకు మాత్రం ఆ రెండో పిల్ల మీదే ధ్యాస ఆగిపోయింది. తండ్రి చివరి చూపు దక్కని పిల్ల 'నాన్నా, బాగున్నావా' అని అడిగింది. గ్లాసు 'నో' అంది. ఆ జవాబు ఆ పిల్ల గుండెలో ఎన్నాళ్ళుగా ఉందో మనం ఊహించగలం. 'నేను రాలేదు, నాన్న నా కోసం చూసి చూసి పోయుంటాడు, నాన్నకి కోపం వచ్చుంటుంది' అనే మాట వేలి కొసకు చేరితే ఇంకే అక్షరం మీదికి పోతుంది? తన అపరాధభావాన్ని తండ్రి గొంతుతో విని, ఆ పిల్ల అదే హాస్టలుకి తిరిగి వెళ్ళబోతోంది.

పోయినవాళ్ళతో మాట్లాడాలనిపించడం తప్పు కాదు. భార్యనూ బిడ్డలనూ పోగొట్టుకున్న రవీంద్రనాథ్ ఠాగూర్ 1929లో, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, మాధ్యమంగా కూర్చున్న ఒక యువతి చేత కాగితం మీద రాయించి తనవాళ్ళను పలకరించబోయాడు. మీ గునుపూరు కొండల మీద సవరలను చూడండి. మా పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే గిడుగు రామమూర్తి గారు నేర్చుకుని నిఘంటువు కట్టింది ఆ సవరల భాషకే. వాళ్ళ పాత ఆచారంలో చనిపోయిన మనిషి పూనకంలో ఉన్న కుడాను, అంటే వాళ్ళ పూజారి, నోటితో మాట్లాడతాడు. చుట్టూ చుట్టాలందరూ కూర్చుని అడుగుతారు, ఏడుస్తారు, కోప్పడతారు, దెబ్బలాడతారు కూడా. 'నువ్వెందుకు రాలేదు' అని చనిపోయినవాడు అడిగితే, 'రాలేకపోయాం, ఇదీ సంగతి' అని చెప్పుకునే వీలుంది. ఒక్కరోజుతో అయిపోదు, ఏళ్ళ తరబడి సాగి, మెల్లగా ఆ మాటల్లో పదును తగ్గుతుంది. అక్కడ పోయినవాడే మాట్లాడాడా అన్నది వేరే సంగతి, నేను నమ్మను. కానీ మిగిలినవాళ్ళు మాట్లాడుకున్నారు, అది నిజం. హాస్టలు గదిలో ఆ పిల్లకు ఒక్క 'నో' దొరికింది, దాని తర్వాత వార్డెన్ అడుగుల చప్పుడు. 'ఎందుకు నాన్నా' అని అడగడానికి కూడా వీల్లేకపోయింది.

ఆ పిల్ల తల్లి ఫోన్ నంబరు మీ పాప దగ్గర ఉంటుంది. ఈవేళే చేయండి. పిల్లలు దొరికిపోయారన్నట్టు, ఫిర్యాదులా మాట్లాడొద్దు. ఆవిడ కూడా ఇంకా ఏడుస్తూనే ఉంటుంది. 'మీ అమ్మాయి నాన్న కోసం బెంగపడుతోంది, చివరి చూపుకి రాలేకపోయానని లోపల కుమిలిపోతోందేమో, ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి' అని చెప్పండి. ఆయన చివరి రోజున ఏమేం జరిగిందో, కూతురి గురించి ఏమైనా అన్నారో లేదో, పరీక్ష మానిపించొద్దని ఎవరు అన్నారో, ఆ సంగతులన్నీ ఆ పిల్లకు తల్లి నోట తెలియాలి. వీలైతే సెలవులు అయిపోయేలోపు ఆ ఇద్దరినీ ఒకరోజు మీ ఇంటికి భోజనానికి పిలవండి.